సాంచ మీది పాలపిట్ట

దారి ఆదిలాబాదు వైపు తిరిగిందని ఫోన్లో చెబితే మా వీధిలో అందరూ జలపాతం చూసి రమ్మన్నారు. అడవి చూడమన్నారు, నిర్మల్ కొయ్యబొమ్మలు తెమ్మన్నారు. నేను జలపాతం చూడలేదు. అడవిని కారు కిటికీలోంచి చూశాను. బొమ్మలు తేలేదు. ఒక స్విచ్ బోర్డును మాత్రం కళ్ళారా చూసి వచ్చాను. అంత దూరం వెళ్ళి స్విచ్ బోర్డు చూసి వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను కాబట్టి, అటు వెళ్ళనివాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది రాజమండ్రి. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. నాలుగేళ్ళ క్రితం ఒక ఎండాకాలమంతా సిరిసిల్లలో నర్సయ్య అనే ఆసామి ఇంట్లో అద్దెకుండి, ఆయన షెడ్డులోనే ఒక పెద్ద బొమ్మ వేశాను. ఆసామి అంటే అక్కడ కొన్ని మరమగ్గాలున్న చిన్న యజమాని. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. నా బొమ్మలో ఉన్నదీ సాంచే, కాకపోతే అది నేల మీద నిలబడి ఉండదు. దాని ఇనప కాళ్ళు సాగి వేళ్ళై మట్టిలోకి దిగుతాయి. పైనుంచి వాన పడుతుంటుంది, ఆ వాన ధారలే పడుగు దారాలు. పళ్ళచక్రాల మధ్య జొన్నచేను కంకి వేసి ఉంటుంది. నేసిన బట్ట చుట్టుకోకుండా గోదారై పారిపోతుంటుంది. యంత్రానికీ ప్రకృతికీ మధ్యనున్న పేచీ ఏదో నేనే తేల్చేద్దామనుకున్నాను. చక్రాల పళ్ళు కుదరడానికే రెండు నెలలు పట్టింది. చివర్లో కుడివైపు ఒక చోటు ఖాళీగా కనబడితే, మిగిలిపోయిన నీలం రంగుతో ఒక పాలపిట్టను కూర్చోబెట్టాను. అదీ నర్సయ్య ఇంట్లో ఉన్న క్యాలెండరు చూసి.

బొమ్మ ఆరడుగుల పైచిలుకు. రంగు ఆరలేదు, రైల్లో పట్టదు. మళ్ళీ వచ్చి తీసుకెళ్తానని షెడ్డు గోడకు తగిలించి వచ్చాను. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులు, ఇంటి పనులు. ఇన్నాళ్ళకు హైదరాబాదులో నా బొమ్మలతో ఒక ప్రదర్శన పెడతామని మిత్రులు ముందుకొచ్చారు. ఈ వయసులో ఇదే మొదటిది, బహుశా చివరిది కూడా. ఆహ్వానపత్రం మీద ఈ సాంచ బొమ్మ ఫొటోనే అచ్చువేశారు. దసరా వెళ్ళిన వారానికి ప్రదర్శన. ఆ బొమ్మ లేకపోతే పెళ్ళికూతురు లేని పెళ్ళే. నర్సయ్యకు ఫోన్ చేస్తే, "ఉన్నదక్కా, భద్రంగున్నది. ఫికర్ జేయకు" అన్నాడు. ఎక్కడ ఉందని అడగాలని నాకు తోచలేదు.

కరీంనగర్

కరీంనగర్‌లో దొరికిన కారు గురించి చెప్పడానికేమీ లేదు. దాన్ని నడిపిన సమ్మయ్య గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. మా వైపు దాహమేస్తే ఆగుతాం. సమ్మయ్య చాయ్ బండి కనిపిస్తే ఆగుతాడు. పది రూపాయలకు వేలెడంత కాగితపు కప్పులో ఇస్తారు. రెండు గుక్కలు తాగేసరికి అయిపోతుంది, అందుకే కాబోలు మళ్ళీ ఇంకోచోట ఆగాలి.

కారు పైన క్యారియర్ ఉందా లేదా అని నేను ఒకటికి రెండుసార్లు అడిగితే, ఏం ఎక్కించాలని అడిగాడు. ఆహ్వానపత్రం చూపించాను. దాన్ని చేత్తో దూరంగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

"గీ సాంచకు కరెంటెట్లొస్తది మేడం?"

"కరెంటు లేదండీ. వేళ్ళతో నీళ్ళు తాగి నడుస్తుంది."

"గట్లయితే బిల్లు రాదన్నట్టు" అన్నాడు తృప్తిగా. తర్వాత వేలితో కుడివైపు చూపించాడు. "పాలపిట్ట మాత్రం మస్తుగున్నది మేడం."

రెండు నెలలు పళ్ళచక్రాలు గీసినదాన్ని నేను. ఆయన వాటి వైపు కన్నెత్తి చూడలేదు. అప్పుడే నాకు కొంచెం చురుక్కుమంది. ముందుంది ముసళ్ళ పండగని తెలియదు కదా.

సిరిసిల్ల

నర్సయ్య షెడ్డులో ఏమీ మారలేదు. అదే టకటక, అదే నూనె వాసన, తలుపులో అడుగుపెట్టగానే జుట్టు మీద వాలే అదే నూలుపొట్టు. అక్కడ మాట వినబడదు కాబట్టి పనివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. నర్సయ్య నన్ను చూసి రెండు చేతులూ జోడించి, ఒక చెయ్యి నోటి దగ్గర పెట్టి తిన్నవా అని అడిగాడు. నేను గోడ వైపు చెయ్యి చూపించాను. గోడ మీద మేకు ఉంది. మేకు కింద, చుట్టూ మాసిన గోడలో తెల్లగా నా బొమ్మంత చోటు ఉంది. బొమ్మ లేదు.

బయటికి వచ్చాక ఆయన చెప్పిన మాట ఈ యాత్ర పొడుగునా నన్ను తరిమింది.

"దసరకు తీస్కపోయిండ్రక్కా."

ఎవరు, ఎందుకు అని నేను గొంతు పెంచేసరికి, ఆయన భార్య లక్ష్మి సర్వపిండి పళ్ళెంతో వచ్చి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె అది. అంచులు కరకర, నడుమ మెత్తన. కోపంగా ఉన్నవాళ్ళకు పెట్టకూడని వంట, నమిలే లోపల కోపం జారిపోతుంది.

"మా దిక్కు దసర నాడు పాలపిట్టను సూడాలె అక్కా" అంది లక్ష్మి. "పొద్దుగూకంగ అందరం ఊరి బయటికి పోతం. పాలపిట్టను సూసి, జమ్మి ఆకు తెచ్చి, పెద్దోళ్ళ చేతుల వెట్టి కాళ్ళు మొక్కుతం. పాలపిట్ట కండ్లవడకుంటె ఆ యేడు మంచిగుండదంటరు. ఇదివరకు తీగల మీద కూసునేటియి. ఇప్పుడు ఎంత దూరం పోయినా కానరావు. మద్యల కొందరు పంజరంల వెట్టి తెచ్చి పైసలకు సూపిచ్చిండ్రు. పాపం, రెక్కలు కట్టేస్తరు. అది కూడా బందయింది."

"గప్పుడు మా పనోళ్ళకు యాదికొచ్చింది" అని నర్సయ్య అందుకున్నాడు. "మన షెడ్డులనే ఉన్నది గదా పాలపిట్ట అని. రెండు దసరలు వాడకట్టంతా లైను గట్టి సూసిండ్రు."

మా వైపు దసరాకు అమ్మవారి అలంకారాలు చూడ్డానికి లైను కడతాం. నా బొమ్మ ముందు ఎవరైనా లైను కట్టారని వినడం అదే మొదటిసారి. కొంచెం పొంగిపోయాను కూడా. "మరి సాంచ గురించి ఏమన్నారు?" అని అడిగాను.

"సాంచకేమున్నదక్కా? ఆయుధపూజకు అన్నింటికి బొట్టు వెట్టినట్టే దానికీ వెట్టినం. అన్నిటికి వెట్టి దానికి వెట్టకపోతే బాగుండదని."

"నా బొమ్మ మీదా? పసుపూ కుంకుమా?"

"రెండు దిక్కుల. దండ గూడ" అన్నాడు నర్సయ్య, నేను సంతోషిస్తానని.

ఇంతకీ బొమ్మ ఎక్కడుందంటే, ఖానాపూర్‌లో. ఆయన అక్కడికిచ్చిన కూతురింట్లో. వియ్యాలవారు వచ్చినప్పుడు చూసి ముచ్చటపడి, మా ఊళ్ళోనూ పాలపిట్ట దొరకడం లేదని తీసుకెళ్ళారట. దసరా కాగానే తెస్తామన్నారట. ఏ దసరా అని అడిగితే నర్సయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ముందటేడు" అన్నాడు.

ఖానాపూర్

గోదావరి వంతెన దాటాక నేల మారింది. మొక్కజొన్న కోతలు, పసుపు మళ్ళు, దూరంగా గుట్టలు, గుట్టల మీద టేకు. దారంతా సమ్మయ్య నన్ను ఓదార్చాడు. "బొట్టే గద మేడం, తడిబట్టతోని తుడిస్తె పోతది." పసుపు నూనె రంగులో దిగితే పోదని, దానికి నా దగ్గరున్న మరమ్మతు పెట్టె చాలుతుందో లేదో తెలియదని ఎంత చెప్పినా, "ఏం గాదు మేడం" అన్నాడు. ఆ దిక్కున ఏం కాదు అన్నారంటే ఎంతో కొంత అయ్యిందని నాకు అప్పటికే అర్థమైంది.

నర్సయ్య కూతురు రజిత గుమ్మంలోకి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టింది. ఎదురు గోడ నిండా నా బొమ్మ. వేళ్ళు ఉన్నాయి, వాన ఉంది, జొన్నచేను ఉంది, గోదారి ఉంది. పసుపు మరకలు రెండూ నేను భయపడినంత లేవు. అమ్మయ్య అనుకున్నాను.

"ఉడుకవోస్తున్నది, ఉండుండ్రి" అని రజిత బొమ్మ దగ్గరికి వెళ్ళి, చక్రాల పక్కన చెయ్యి పెట్టి టక్కున నొక్కింది. నా నెత్తిన ఫ్యాను తిరిగింది.

నేను లేచి దగ్గరికి వెళ్ళాను. కుడివైపు, పాలపిట్ట ఉండాల్సిన చోట, మూరెడు చదరపు కంత. కంతలో స్విచ్ బోర్డు. నాలుగు స్విచ్చులు, ఒక ఫ్యాను రెగ్యులేటరు, దోమల మందు పెట్టుకునే ప్లగ్గు. మొదటిసారి చూసేవాళ్ళు ఈ బొమ్మను ఇలాగే వేశారని నమ్ముతారు, అంత చక్కగా అమిరింది. నాకు ఏడుపొచ్చింది.

"పాలపిట్ట ఏది?"

రజిత మొగుడు రాజేందర్ అప్పుడే చేను నుంచి వచ్చాడు. నిమ్మళంగా కాళ్ళు తుడుచుకున్నాడు. "దసరకు తీస్కపోయిండ్రు మేడం" అన్నాడు.

జరిగిందేమిటంటే, ఆ దసరా నాడు వాన. ఆరడుగుల బొమ్మను బండి మీద పెట్టుకుని ఊరి చివర జమ్మిచెట్టు దాకా తీసుకెళ్ళడం కుదరలేదు. ఊరంతా అక్కడ పాలపిట్ట కోసం చూస్తోంది. అందరూ కలిసి ఆలోచించి, కావలసింది పిట్టే కాబట్టి పిట్టనే తీసుకెళ్ళారు.

"కోశారా?"

"ఎట్ల వడితె అట్ల గాదు మేడం. స్కేలు వెట్టి, గీత గీసి, కొత్త బ్లేడుతోని. సూడుండ్రి, దారం పోగన్న లేసిందా?"

లేవలేదు. నిజంగానే అంచులు ముచ్చటగా ఉన్నాయి. తర్వాత కంతతో బొమ్మ మిగిలిందట. పారేయబుద్ధి కాలేదట. గోడకు పెడితే బోర్డుకు సరిగ్గా సరిపోయిందట. "దేవుడు గలిపినట్టు" అంది రజిత.

ఇక పిట్ట ముక్క సంగతి. రాజేందర్ పత్తి తోలే మిల్లు, అంటే గింజ తీసే జిన్నింగు మిల్లు, ఇచ్చోడలో ఉంది. మిల్లు గేటు దగ్గర చాయ్ అమ్మే గంగుబాయి అనే ఆవిడ అడిగితే, నిరుడు దసరాకు ముందు ఇచ్చేశాడు. తెచ్చి ఇస్తానందా అని నేను అడగలేదు. బుద్ధొచ్చింది.

రజిత మక్క గారెలు చేసింది. పచ్చి మొక్కజొన్న గింజలు దంచి, అల్లం, పచ్చిమిర్చి వేసి కాల్చిన గారెలు. మా మినపగారెల పక్కన పెడితే కొంచెం మొరటు, కానీ వదలబుద్ధి కాదు. కోపంలో ఎన్ని తిన్నానో నాకే తెలియదు. సమ్మయ్యా, రాజేందరూ కలిసి బొమ్మను గోడ మీంచి దించారు. బోర్డు చుట్టూ మురికి గోడ బయటపడింది. రజిత దాన్ని చూసి, "ఇల్లు బోసిపోయిందక్కా" అంది. కోసినవాళ్ళను నేను ఓదార్చాల్సి రావడం, ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

దారిలో లేని బాసర

మర్నాడు పొద్దున నిర్మల్ దాటితే మధ్యాహ్నానికి ఇచ్చోడ చేరుకోవాలి. కారు ఎడమకు తిరిగింది. ఎటు అంటే, "బాసర మేడం. దారిలనే" అన్నాడు సమ్మయ్య. దారిలో లేదు. ఎంత పోయినా రాలేదు కూడా. సమ్మయ్య మనవరాలు బడిలో చేరబోతోంది. దాని పలకా బలపం సరస్వతి దగ్గర పెట్టి తీసుకెళ్ళాలని డాష్‌బోర్డులో పెట్టుకుని మొదటి రోజు నుంచీ తిప్పుతున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు.

"ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్తె మీరు వద్దంటరేమోనని చెప్పలే."

దీనికి జవాబు ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పాలి.

గోదావరి మా ఊళ్ళో ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు మసకగా కనిపించే నది. ఇక్కడ ఆ ఒడ్డున బట్టలుతికే మనిషిని పలకరించొచ్చు. మా దగ్గర నడివయసు దాటిన మనిషిని చిన్ననాటి ఫొటోలో చూసినట్టుంది. ఒక్క నిమిషం చిరాకు మర్చిపోయాను. ఒక్క నిమిషమే.

తాళ్ళు వదులయ్యాయని సమ్మయ్య బొమ్మను దింపి కారుకు ఆనించి, పలక పట్టుకుని గుడిలోకి వెళ్ళాడు. నేను నది చూసి తిరిగొచ్చేసరికి కారు దగ్గర గుంపు. అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లల్ని తల్లిదండ్రులు ఒక్కొక్కరినే బొమ్మ వెనక నిలబెట్టి, కంతలోంచి మొహం బయటపెట్టించి ఫొటో తీసుకుంటున్నారు. పళ్ళచక్రాలూ జొన్నకంకులూ చుట్టూ ఉండగా, నడుమ కొత్త బొట్టుతో ఒక పసిమొహం. ఇది ఫొటోల కోసం పెట్టింది కాదు, నా బొమ్మ అని చెప్పాను. "మంచి ఆలోచన చేసినవమ్మా, ఒక్కొక్క ఫొటోకు ఎంత?" అని అడిగాడొక తండ్రి. ఎంతో చెప్పకపోయేసరికి, ఉచితమనుకుని లైను ఇంకా పెరిగింది. ఆ లైనులో ఉన్న ఒక్కరూ బొమ్మలో ఏముందో చూడలేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

తీగ మీద

నిర్మల్ ఘాటెక్కి దిగాక రోడ్డుకు రెండు పక్కలా సోయా చేలు పండి పచ్చబడుతున్నాయి. ఆ పక్కన పత్తి, పూత మీద. నేను సమ్మయ్యతో మాట్లాడ్డం మానేశాను. ఆయన అది గమనించినట్టు లేడు. ఉన్నట్టుండి వేలు పైకెత్తి, "అగో, పాలపిట్ట" అన్నాడు, మైలురాయి చూపించినంత మామూలుగా. కారు ఆపలేదు.

"ఆపండి. ఆపండి ముందు."

కరెంటు తీగ మీద ఒక్కటే కూర్చుని ఉంది. ఈ పిట్ట కోసం వాడకట్టంతా లైను కట్టింది. ఈ పిట్ట కోసం నా బొమ్మను బ్లేడుతో కోశారు. అసలుది ఇక్కడ పట్టపగలు, పైసా అడగకుండా కూర్చుని ఉంటే, పక్క చేలో ఉన్నవాళ్ళెవరూ తలెత్తి చూడటం లేదు.

"మీరైనా దిగి చూడరా?"

"ఇయ్యాల దసర గాదు గద మేడం" అన్నాడు సమ్మయ్య ఓపికగా. "ఇప్పుడు సూస్తె లెక్కల్కి రాదు. దసర నాడే ఉండదది."

నేను దిగి చూశాను. దగ్గర్నుంచి ఆ పిట్టను చూడటం నాకు అదే మొదటిసారి. నేను వేసింది నిలువెల్లా నీలం. ఇది అలా లేదు. రొమ్మంతా గోధుమరంగు, మీద తెల్లటి చారలు, మట్టిలో పుట్టిన పిట్టని చెప్పేలా ఉంది. నెత్తిన ఇంత నీలం, తోక దగ్గర ఇంత. ఇదేనా అనుకుంటుండగా ఎగిరింది. అప్పుడు రెక్కల్లో దాచుకున్న నీలాలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి, ముదురుదీ లేతదీ వరసలు వరసలుగా. చేను మీద ఒక చుట్టు తిరిగి అవతలి స్తంభం మీద వాలింది, మళ్ళీ మట్టిరంగైపోయింది. క్యాలెండరు వేసినవాడికి ఇది తెలియదు. వాడి బొమ్మ చూసి వేసిన నాకూ తెలియదు.

ఇచ్చోడ

గంగుబాయి చాయ్ బండి మిల్లు గేటుకు ఎదురుగా ఉంది. పత్తి ఇంకా రావడం లేదు కాబట్టి మిల్లు మూసి ఉంది. మనుషులు మాత్రం బండి దగ్గర ఉన్నారు, హమాలీలు కొందరు, మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళు కొందరు. ఆ ఊరి మాటలో, తిండిలో మరాఠీ కలిసి ఉంటుంది. పొద్దున మనం ఇడ్లీ తిన్నట్టు అక్కడ పోహా, అంటే అటుకుల ఉప్మా, తింటారు. గంగుబాయి నన్ను "రా తాయీ, కూసో" అని, అక్కా అన్నట్టు మరాఠీలో పిలిచి, నేనెవరో అడగకుండానే పళ్ళెంలో పోహా వేసి నిమ్మకాయ పిండింది. ఆమె భర్త దత్తు కుడిచేత్తో చాయ్ పోస్తున్నాడు. ఎడమ చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

నేను ఎందుకొచ్చానో చెప్పాను. రాజమండ్రి నుంచి మొదలుపెట్టి స్విచ్ బోర్డు దాకా, బాసర కంత దాకా, మూడు రోజుల చిరాకంతా ఆ బెంచీ మీద కక్కేశాను. అందరూ శ్రద్ధగా విన్నారు. గంగుబాయి లోపలికి వెళ్ళి, ఎర్రగుడ్డలో చుట్టిన చెక్కపలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

విప్పాను. నా కాన్వాసు ముక్కే, పలకకు అంటించి ఉంది. పాలపిట్ట లేదు. రంగు అరిగిపోయి, నేతపోగులు బయటపడిన తెల్లటి మచ్చ ఉంది, పిట్ట ఆకారంలో. ముక్కు మిగిలింది, ఒక కన్ను మిగిలింది.

"ఏం చేశారు దీన్ని?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

గంగుబాయి వేలు పలక మీద పెట్టి, ఆ వేలును రెండు కళ్ళకూ అద్దుకుని చూపించింది. "గింతే తాయీ."

దత్తు చెప్పాడు. "ఇదివరకు గీ తీగల మీదనే కూసునేది. దసర నాడు పాలపిట్టను సూసి, మిషన్లకు పూజ జేసి, గప్పుడు పత్తి నడిపిద్దుము. ఒకేడు సూడలే. ఎంత తిరిగినా కానరాలే. గా యేడే నా చెయ్యి మిషన్ల వోయింది." లేని చేతిని చూపించలేదు. గిన్నె దింపి మంట తగ్గించాడు. "పిట్ట సూడకనే వోయిందని నేననను. నిద్ర సాలలే, చూపు తప్పింది. గని మిషన్ కాడికి పోయేటోళ్ళకు భయం వుడుతది గద. ఇది వచ్చినంక దసర ఒక్కనాడే గాదు, డ్యూటికి ఎక్కేటోళ్ళు దినాం గీడికొచ్చి మొక్కి పోయిండ్రు. భయం తగ్గింది."

మనుషులు లేని బొమ్మ వేశానని నాకో గర్వం ఉండేది. పత్తి కాలమంతా పొద్దునా సాయంత్రం ఎన్ని వేళ్ళు తాకితే నూనె రంగు అరుగుతుందో నాకు తెలుసు.

"నీదే గద తాయీ, తీస్కపో" అంది గంగుబాయి. "మల్ల ఏదన్న సూసుకుంటం."

కాదన్నా బాగుండేది. పోట్లాడ్డానికి మూడు రోజులుగా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు. తీసుకెళ్ళి ఏం చేసుకోను? ముక్కూ కన్నూ తీసుకెళ్ళి కంతలో అతికించుకోనా? ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. లేచి వెళ్ళి కారులోంచి రంగుల పెట్టె తెచ్చి బెంచీ మీద పెట్టాను.

"రెక్కలు విప్పినట్టు వేస్తాను. అసలు అందం అప్పుడే" అన్నాను.

"వద్దు" అన్నారు అందరూ ఒక్కసారే. "ఎగిరినట్టేస్తె పోతది గద తాయీ" అంది గంగుబాయి. "కూసున్నట్టే ఎయ్యి."

బేరం చాలాసేపు సాగింది. చివరికి కూర్చునే ఉండాలి, ఒక్క రెక్క మాత్రం కొంచెం విప్పుకోవచ్చు అని ఒప్పుకున్నారు. రొమ్ము గోధుమరంగు వేస్తుంటే ఒకామె, "నీలం పెట్టె మర్సిపోయినవా?" అని అడిగింది. ఇంకొకాయన మబ్బు ఎటు పట్టిందో చూసి, వెలుతురు చాలదేమోనని నా నెత్తి మీద సెల్‌ఫోను లైటు పట్టాడు. సమ్మయ్య నా పక్కనే కూర్చుని, దారిలో తీగ మీద చూసిన పిట్ట ఎలా ఉందో నాకే వివరించాడు. దిగి చూడనివాడు. మొదటి పిట్టకు నేను పెట్టని శ్రద్ధంతా ఈ పిట్టకు పెట్టాను, ఇంతమంది మీద విసుక్కుంటూనే. ఆ విసుగులో సంతోషం కూడా ఉంది. అది వాళ్ళకు తెలియనివ్వలేదు.

పలక గంగుబాయి చేతిలో పెడుతూ, "ఇది నూనె రంగు. ఆరడానికి రోజులు పడుతుంది. దసరా దాకా ఎవరూ ముట్టుకోకండి. ఎవ్వరూ" అని గట్టిగా చెప్పాను. అందరూ తలలూపారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి గంగుబాయి రెండు కనురెప్పల మీదా నీలం. దత్తు రెప్పల మీద నీలం. బెంచీ చుట్టూ ఉన్నవాళ్ళందరి రెప్పల మీదా నీలమే. సమ్మయ్య కళ్ళు దించుకుని కారు తుడుస్తున్నాడు. ఆయన రెప్పల మీదా అంతే.

నేను మళ్ళీ కూర్చుని, రెక్క సరిచేసి, ఈసారి పలకను నేనే పైన మేకుకు తగిలించి వచ్చాను.

తిరిగి వచ్చాక

హైదరాబాదు మిత్రులు కంతను చూసి నెత్తి పట్టుకున్నారు. ముక్క అతికించి కొత్త పిట్టను వేసేయమన్నారు, ఒక పూట పని అన్నారు. నిజమే, ఒక పూట పనే. నేను వెయ్యనన్నాను. పసుపు మరకలు తుడవనన్నాను. వాళ్ళు నా మీద విసుక్కున్నారు. విసుగు వాళ్ళ వంతు కావడం నాకు హాయిగా ఉంది.

ప్రదర్శన మొదటి రోజు, చేతిలో ఆహ్వానపత్రం పట్టుకున్న ఒక పెద్దమనిషి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఫొటో చూశాడు, కంత చూశాడు, కంతలోంచి తెల్లగోడ చూశాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఇక్కడ పాలపిట్ట ఉండాలి కదండీ, ఏమైంది?" అని అడిగాడు.

"దసరకు తీస్కపోయిండ్రు" అన్నాను.